మొగిలి ఘాట్ దిగాక మెత్తబడే బ్రేక్ పెడల్: ఒక టమాటా పికప్ కేసు

మా షెడ్డుకు వచ్చిన ఈ బండి 1.7 టన్నుల లోడు తరగతి పికప్. డీజిల్, కామన్ రైల్ (కంప్యూటరు డీజిల్ కొలిచి పోసే) ఇంజను, బీఎస్4 పొగ ప్రమాణం మోడల్. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు, వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు). వి.కోట, పలమనేరు మండీల్లో టమాటా క్రేట్లు ఎత్తుకుని మొగిలి ఘాట్ దిగి, బంగారుపాళ్యం, చిత్తూరు, రాణిపేట మీదుగా చెన్నై కోయంబేడు మార్కెట్టుకు పోవడం దాని పని. తిరుగు దారిలో ఖాళీ క్రేట్లు, దొరికితే ఏదో ఒక కిరాయి. మామిడి కాలం వస్తే కొన్నాళ్లు టమాటా వదిలి తోతాపురి కాయ తోలుతుంది. ఓనరుకు ఉన్నది ఇదొక్కటే బండి. తోలేది జీతం డ్రైవరు.

ఫిర్యాదు డ్రైవరు మాటల్లోనే రాస్తాను. "ఘాట్ దిగేంతసేపు బాగానే ఉంటాదన్నా. బంగారుపాళ్యంలో ఆపి టీ తాగి మళ్లా ఎక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోతా ఉండాది. రెండు మూడు తూర్లు తొక్కితే గానీ పట్టదు. తెల్లారి చూస్తే ఏమీ ఉండదు."

ఇది ఒక్క బండి జబ్బు కాదు కాబట్టే వివరంగా రాస్తున్నాను. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె చుట్టూ తిరిగే పికప్పుల్లో ఇదే పరిస్థితిలో ఉన్నవి చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటికి సర్వీసు టైముకే జరుగుతోంది, బిల్లులూ ఉన్నాయి. కానీ ఆ సర్వీసు కిలోమీటర్లు చూసి చేసింది. బండి ఏ పని చేస్తోంది, ఎంత బరువుతో ఎక్కడ దిగుతోంది అని చూసి చేసింది కాదు.

మా దగ్గరికి రాకముందు

ఈ బండి అప్పటికే రెండు షెడ్లు తిరిగింది. ఒకచోట ముందు ప్యాడ్లు మార్చి, డిస్కులు లేత్ పట్టించారు. ఇంకోచోట పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్‌కు కిట్ వేశారు, అది కుదరక మాస్టర్ సిలిండరే కొత్తది వేశారు. ఆ మెకానిక్కులకు పని తెలియదని నేననను. షెడ్డుకొచ్చిన బండిని ఖాళీగా, చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉండే రోడ్డు మీద తోలి చూస్తే పెడల్ నిజంగానే గట్టిగా ఉంటుంది. ఘాట్ దిగిన బండి వాళ్ల చేతికి ఎప్పుడూ రాలేదు.

ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండేదని డ్రైవరు చెప్పాడు. దానికీ కారణం ఉంది. కొత్త ప్యాడ్ మందంగా ఉంటుంది, డిస్కు వేడి దాన్ని దాటుకుని పిస్టన్ దాకా పోవడానికి సమయం పడుతుంది. అరిగేకొద్దీ ఆ అడ్డం పలచబడుతుంది. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు బ్రేక్ ఆయిల్ కూడా కొంచెం తీసి కొంచెం పోస్తారు. అలా జబ్బు తగ్గినట్టు కనిపించి, లోపల అట్లాగే ఉండిపోయింది.

టీ కొట్టు దగ్గరే ఎందుకు?

మొత్తం కేసులో నాకు ఎక్కువ పనికొచ్చింది డ్రైవరు చెప్పిన ఆ టీ కొట్టు మాట. దిగేటప్పుడు బాగుండి, ఆపి ఎక్కితే మెత్తబడిందంటే, అది ప్యాడ్ పట్టు తప్పడం కాదు. ప్యాడ్ వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఇక్కడ పెడలే కిందికి పోతోంది. అంటే బ్రేక్ ఆయిల్ లైనులో ఎక్కడో ఆవిరి ఉంది.

బండి కదులుతున్నంతసేపు గాలి తగిలి డిస్కు వేడి బయటికి పోతుంటుంది. ఆపగానే గాలి ఆగిపోతుంది. డిస్కులో ఉన్న వేడి ప్యాడ్‌లోకి, ప్యాడ్ నుంచి దాన్ని డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిస్టన్‌కు, పిస్టన్ నుంచి దాని వెనక ఉన్న బ్రేక్ ఆయిల్‌కు నెమ్మదిగా పాకుతుంది. బండి ఆగిన కొద్ది నిమిషాలకు డిస్కు చల్లబడుతుంటే క్యాలిపర్ లోపలి ఆయిల్ మాత్రం ఇంకా వేడెక్కుతుంది. సరిగ్గా టీ తాగే సమయమది.

మామూలుగా వాడే బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. రబ్బరు హోసుల గుండా, డబ్బా మూత గాలి రంధ్రం గుండా ఏడాది పొడుగునా పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. దానిలో 3.7 శాతం నీళ్లు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే కొత్తది 230, తేమ పట్టింది 155. ఇవి ప్రమాణంలో పెట్టిన కనీస అంకెలు. క్యాలిపర్‌లో ఆయిల్ ఆ హద్దు దాటితే బుడగ పుడుతుంది. ద్రవం నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. పెడల్ తొక్కిన బలమంతా ఆ బుడగను అణచడానికే సరిపోతుంది. తెల్లారేసరికి చల్లబడి ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, సాక్ష్యం మాయమవుతుంది.

ఎంత వేడి పుడుతుందో ఒక్కసారి లెక్క వేసుకుంటే ఈ రోడ్డు ఎలాంటిదో అర్థమవుతుంది. పలమనేరు సముద్ర మట్టానికి 680 మీటర్ల పైన ఉంది, చిత్తూరు 330 దరిదాపుల్లో ఉంది. సుమారు 350 మీటర్ల దిగుడు, అందులో ఎక్కువ భాగం ఘాట్‌లోనే. లోడుతో కలిపి 3.4 టన్నుల బండి ఆ ఎత్తు దిగితే వదలాల్సిన శక్తి దాదాపు 11.7 మెగాజౌళ్లు. కరెంటు భాషలో మూడు యూనిట్ల పైమాట, వెయ్యి వాట్ల హీటరు మూడు గంటలకు పైగా వెలిగితే పుట్టే వేడి. గాలి, టైర్లు, ఇంజను అందులో కొంత మింగుతాయి. మిగిలినదంతా బ్రేకుల నెత్తిన పడుతుంది. నాలుగు చక్రాలూ పంచుకుంటే ఒక లెక్క, రెండే మోస్తే ఇంకో లెక్క.

తిరుమల నుంచి దిగే బండ్లకు కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టడం వెనక ఉన్న లాభాల్లో ఇదీ ఒకటి. దిగే ఎత్తు మారదు, పుట్టే వేడి మొత్తమూ పెద్దగా మారదు. కానీ నిదానంగా దిగితే ఆ వేడిని గాలికి వదిలే సమయం బ్రేకులకు దొరుకుతుంది. మొగిలిలో అలాంటి గడియారం లేదు. 2024 సెప్టెంబరులో ఆ ఘాట్‌లో బస్సు, లారీ ఢీకొని పోయిన ప్రాణాలు ఈ దారిన రోజూ తిరిగే డ్రైవర్లెవరూ మరిచిపోలేదు.

చక్రాలు విప్పితే

ముందు కుడి చక్రంతో మొదలుపెట్టాం. డిస్కు మీద నీలం మచ్చలు, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తే వెంట్రుకంత సన్నని పగుళ్లు. ప్యాడ్ అంచులు బూడిద రంగుకు తిరిగి గోటితో గీకితే రాలుతున్నాయి. క్యాలిపర్ పిస్టన్ మీది రబ్బరు బూటు మెత్తదనం పోయి పెళుసెక్కింది. హబ్ మూత తీస్తే గ్రీజు నూనెలా కరిగి ఒక పక్కకు జారి ఉంది. ఎడమ వైపు కూడా అంతే. రెండు వైపులా సమానంగా కాలిందంటే ఒక క్యాలిపర్ జామ్ అయిందనో, ఒక హోసు లోపల ఉబ్బిందనో అనుకోవడానికి లేదు. ముందు ఇరుసు మొత్తం తన వాటాకు మించి పనిచేస్తోంది.

అప్పుడు వెనక డ్రమ్ములు విప్పాం. సుత్తి పని లేకుండానే ఊడి వచ్చాయి. పని చేసే డ్రమ్ము అంత సులువుగా రాదు. లోపలి నుంచి డ్రమ్మును ఒత్తే బ్రేకు షూ రాసుకునే చోట అరిగి, అంచున చిన్న గట్టు కడుతుంది, లాగితే ఆ గట్టు షూలకు తగులుకుంటుంది. వీటికి గట్టే లేదు. లోపల పలచని తుప్పు పొర, దాని మీద దుమ్ము. షూల మీది లైనింగ్ మందం కొలిస్తే కొత్తదానికి దాదాపు సమానం.

"కంపెనీతో వచ్చిన షూలే అన్నా, లక్షన్నర కిలోమీటర్లు తిరిగినా అరగలేదు" అన్నాడు డ్రైవరు. అతను సంతోషంగా చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. బ్రేకు అరగడం లేదంటే అది పని చేయడం లేదనే అర్థం. మన దగ్గర చాలామంది ఓనర్లు దీన్ని బండి గొప్పతనంగా చెప్పుకుంటారు. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటారంటే అది ఇదే అవ్వాలి: ముందు ప్యాడ్లు పదే పదే పోతూ వెనక షూలు ఎన్నాళ్లైనా కొత్తగా ఉంటే, సంతోషించకుండా వెంటనే వెనక బ్రేకు చూపించండి.

షూల గ్యాప్‌ను తనంతట తాను సరిచేసుకోవాల్సిన అడ్జస్టర్ పళ్ల చక్రం రెండు వైపులా దుమ్ము, తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. దానివల్ల పెడల్ ప్రయాణం కొంత పెరుగుతుంది. కానీ వెనక చక్రాలు ఇంత ఖాళీగా ఉండడానికి అదొక్కటే చాలదు.

అదనపు పట్టీ

బండి కింద పడుకుని చూస్తే మిగతా కారణం కనిపించింది. వెనక కమాన్ కట్టలో ఒక పట్టీ రంగు వేరు, అంచుల కోత వేరు. ఎక్కడో కమాన్ షాపులో అదనంగా వేయించారు.

ఇలాంటి పికప్పుల్లో వెనక ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య ఒక సన్నని కడ్డీ ఉంటుంది. దాని పై కొస లోడును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే లోడ్ సెన్సింగ్ వాల్వుకు తగిలి ఉంటుంది. బండి ఖాళీగా ఉంటే ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య దూరం ఎక్కువ. అప్పుడు వెనక చక్రాలకు పూర్తి బ్రేకు ఇస్తే అవి బిగుసుకుని తోక తిరుగుతుంది, కాబట్టి వాల్వు వెనకకు పోయే ఒత్తిడిని తగ్గిస్తుంది. లోడు పడితే పట్టీలు వంగి దూరం తగ్గుతుంది, కడ్డీ కదిలి వాల్వు తెరుచుకుంటుంది, వెనక బ్రేకుకు ఒత్తిడి పెరుగుతుంది. ఆ వాల్వుకు కళ్లు లేవు, తూకం తెలియదు. దానికి తెలిసింది ఆ దూరం ఒక్కటే.

ఇప్పుడు గట్టి పట్టీ ఒకటి అదనంగా వేస్తే ఏమవుతుంది? రెండు టన్నులు ఎత్తినా వెనక కూర్చోదు. చూడటానికి బండి ఠీవిగా నిలబడి ఉంటుంది. వాల్వు మాత్రం బండి ఖాళీగా ఉందనే నమ్ముతుంది. పూర్తి లోడుతో ఘాట్ దిగుతున్న బండికి ఖాళీ బండికి ఇచ్చే వెనక బ్రేకే ఇస్తుంది. మిగతా భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది. అక్కడి నుంచి ప్యాడ్లు, పిస్టన్లు, ఆయిల్, టీ కొట్టు.

ఊహ మీద పార్టులు మార్చడం ఇష్టం లేక మూడు రకాలుగా రుజువు చేసుకున్నాం. మొదట, ముందు ఒకటి వెనక ఒకటి ప్రెషర్ గేజులు తగిలించి, తొట్టిలో ఇసుక బస్తాలు వేసి కాటా తూకంతో పెడల్ తొక్కించాం. వెనక గేజు మాన్యువల్‌లో ఖాళీ బండికి రాసిన అంకె దగ్గరే ఆగిపోయింది. తర్వాత కడ్డీ విడదీసి, వాల్వు చేతిని లోడు పడినప్పుడు ఉండాల్సిన స్థానానికి చేత్తో నెట్టి పట్టుకున్నాం. అదే పెడల్ బలానికి వెనక ఒత్తిడి చక్కగా పెరిగింది. వాల్వు ఆరోగ్యంగా ఉంది, దానికి అందే కబురే తప్పు.

మూడోది రోడ్డు మీద. రోజువారీ లోడుతో పలమనేరు నుంచి డ్రైవరు తోలుతుంటే నేను పక్కన కూర్చున్నాను. ఘాట్ కింద ఆపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే ముందు డిస్కులు 350 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నాయి. వెనక డ్రమ్ములు 80 కూడా దాటలేదు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో తేమ చూసే టెస్టరు ముంచితే ఎర్ర లైటు వెలిగింది. ఆయిల్ రంగు డికాషన్‌కు దగ్గర పడింది. డబ్బాలో ఉన్న ఆయిల్ కంటే క్యాలిపర్‌లో నిలిచిపోయిన ఆయిల్ ఇంకా ముసలిది, ఎందుకంటే బ్రేకు లైనులో ఆయిల్ తిరగదు. పైన కొత్తది పోసినంత మాత్రాన కింద మారదు.

ఓనరుతో మాట్లాడింది

పట్టీ తీసెయ్యాలన్నప్పుడు ఓనరు ఒప్పుకోలేదు. "అది తీస్తే వెనక కూచుంటాది మేస్త్రీ. రోడ్డు మీద చూసేవాళ్లకు ఓవర్‌లోడ్ అని వెంటనే తెలిసిపోతాది. నాలుగు క్రేట్లు ఎక్కువ ఎత్తితేనే నాకు కిరాయి మిగిలేది."

అతని ఇబ్బంది అబద్ధం కాదు. ఒక్క బండి మీద కుటుంబం నడుస్తున్నప్పుడు ఆ నాలుగు క్రేట్లే ఆ రోజు లాభం కావచ్చు. కాబట్టి నీతులు చెప్పకుండా బల్ల మీద వస్తువులు పెట్టాను. ఒకవైపు రాలిపోతున్న ముందు ప్యాడ్, నీలం తిరిగిన డిస్కు. ఇంకోవైపు మచ్చలేని వెనక షూ. "అన్నా, నువ్వు నాలుగు బ్రేకులకు డబ్బు కట్టి రెండు బ్రేకులతో ఘాట్ దిగుతున్నావు" అన్నాను. పట్టీ వేస్తే మోసే శక్తి పెరిగినట్టు అనిపిస్తుంది గానీ ఇరుసు, హబ్బులు, టైర్లు, బ్రేకులు పాతవే. ఓవర్‌లోడ్ దొరికితే మోటారు వాహనాల చట్టం కింద 20,000 రూపాయల జరిమానా, పైన అదనపు ప్రతి టన్నుకూ 2,000 అని అతనికి ముందే తెలుసు. అది అతన్ని కదిలించలేదు. వెనక షూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు, అది కదిలించింది.

పట్టీ ఉంచేసి వాల్వు కడ్డీని దానికి తగ్గట్టు జరిపితే కుదరదా అని అడిగాడు. ఇది చాలామంది అడిగే ప్రశ్నే, కొన్ని షెడ్లలో చేసేస్తారు కూడా. నేను చెయ్యను. గట్టి కమాను మీద ఖాళీకి, లోడుకు మధ్య దూరం తేడా తగ్గిపోతుంది. లోడుకు సరిపోయేట్టు జరిపితే కోయంబేడు నుంచి ఖాళీగా వస్తూ వానలో ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు బిగుసుకుంటాయి. రెండు స్థితులకూ కుదిరే ఒకే సర్దుబాటు కంపెనీ కమానుతోనే వస్తుంది.

అదనపు పట్టీ ఎందుకు అవసరమైందో కూడా చూశాం. పాత పట్టీలు ఎప్పుడో వంపు పోయి చదునైపోయాయి, బుష్షులు అరిగిపోయాయి. మామూలు లోడుకే బండి కూర్చుంటుంటే బరువు ఎక్కువై అనుకుని పట్టీ పెంచారు. కంపెనీ కొలతల సెట్టు కొత్తది వేస్తే న్యాయమైన లోడుకు బండి ఎత్తుగానే ఉంటుందని చెప్పాక ఒప్పుకున్నాడు.

చేసిన పని

వెనక రెండు వైపులా కంపెనీ కమాన్ సెట్టు, కొత్త బుష్షులు, యూ బోల్టులు. లోడు ఎత్తి కొంత దూరం తిరిగాక యూ బోల్టులను మళ్లీ టార్కు రెంచితో బిగించాం. ఈ రెండోసారి బిగింపును వదిలేయడం వల్లే చాలా బండ్లలో పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగుతుంది.

ముందు డిస్కులు, ప్యాడ్లు మార్చాం. పగుళ్లు వచ్చిన డిస్కును లేత్ పట్టిస్తే ఇంకా పలచనై ఇంకా త్వరగా వేడెక్కుతుంది. క్యాలిపర్ సీళ్లు, బూట్లు కొత్తవి, జారే పిన్నులు శుభ్రం చేసి వేడికి ఆగే సిలికాన్ గ్రీజు పెట్టాం. హబ్ బేరింగులు కడిగి, చూసి, కొత్త గ్రీజు కూరాం. వెనక అడ్జస్టర్లు విప్పి, కడిగి, స్వేచ్ఛగా తిరిగేట్టు చేశాం. వీల్ సిలిండర్ కప్పులు మార్చాం. తుప్పు గీకి డ్రమ్ములు సాఫీ చేశాం. షూలు అవే వాడాం, వాటికి తప్పేమీ లేదు.

బ్రేక్ ఆయిల్ మొత్తం తీసేసి, అక్కడికక్కడే సీలు తీసిన డబ్బాతో డాట్ 4 నింపాం. ఈ బండి మాన్యువల్ డాట్ 4 ఒప్పుకుంటుంది. గాలి తీసేటప్పుడు తోటి మెకానిక్కులు గమనించాల్సిన ఒక మాట. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి వెనక ఇరుసును వేలాడేసి గాలి తీస్తే, ఆ దూరం చూసి లోడ్ వాల్వు దాదాపు మూసుకుంటుంది. వెనక లైనులో ఆయిల్ సన్నగా వస్తుంది, గాలి బుడగలు లోపలే ఉండిపోతాయి. వెనక చక్రాలు నేల మీద ఉండగా, లేదంటే స్టాండ్లు ఇరుసు కిందే పెట్టి, బరువు కమాన్ల మీద పడేట్టు చూసుకుని తీయాలి. చివరగా మాన్యువల్ కొలత ప్రకారం వాల్వు కడ్డీ పొడవు సరిచేసి, మళ్లీ గేజులు తగిలించి ఖాళీగా ఒకసారి, బస్తాలతో ఒకసారి చూశాం.

న్యూట్రల్ అలవాటు

డ్రైవరు నిజాయితీగా ఒక విషయం చెప్పాడు. ఘాట్‌లో కొన్నిచోట్ల డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదులుతాడట. అతనికి నేర్పిన పెద్ద డ్రైవర్లు అలాగే నేర్పారు. పాత పంపు ఇంజన్ల కాలం నాటి నమ్మకం ఇది. కామన్ రైల్ ఇంజన్లో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే కంప్యూటరు ఇంజెక్టర్లకు డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఐడిల్‌కు డీజిల్ పోయాల్సిందే. అంటే న్యూట్రల్‌లోనే డీజిల్ ఎక్కువ ఖర్చవుతుంది. ఇంజను ఆఫ్ చేసి దిగేవాళ్లయితే ఇంకా పెద్ద ప్రమాదం కొని తెచ్చుకుంటున్నారు. పెడల్ తొక్కుడుకు బలం కలిపే బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ ఇచ్చే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. రెండు మూడు సార్లు తొక్కేసరికి ఉన్న వాక్యూమ్ అయిపోయి పెడల్ బిగుసుకుంటుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

అతనికి చెప్పింది ఇంతే. దిగుడు మొదలవ్వకముందే మూడో గేరు వెయ్యి, వేగం పెరిగితే రెండోది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకు, గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలెయ్, మళ్లీ పెరిగితే మళ్లీ తొక్కు. వదిలిన ఆ సమయంలోనే డిస్కు చల్లబడుతుంది.

ఈ బండికి ఇప్పుడు నడుస్తున్న మెయింటెనెన్సు

సర్వీసు బుక్కు పక్కన ఒక మామూలు నోటుబుక్కు పెట్టించాం. అందులో కిలోమీటర్లతో పాటు లోడు, ఘాట్ దిగారా లేదా, ఫ్యాక్టరీ ముందు ఎన్ని గంటలు క్యూలో నిలబడ్డారు అని డ్రైవరు రాస్తాడు. ఈ చివరిది చాలామంది లెక్కలోకే తీసుకోరు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్లు గంటల తరబడి అంగుళం అంగుళం కదులుతుంటాయి. మీటరు మీద కిలోమీటర్లు పెరగవు, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ కాలుతూనే ఉంటుంది, క్లచ్ సగం తొక్కుడులో అరుగుతూనే ఉంటుంది. అందుకే ఈ బండికి ఇంజను ఆయిల్, ఫిల్టరు మామిడి కాలం అవ్వగానే మారుస్తాం, బుక్కులో కిలోమీటర్లు మిగిలి ఉన్నా సరే.

బ్రేక్ ఆయిల్ మామూలుగా రెండేళ్లకు ఒకసారి అంటారు. ఈ పనికి ఏడాదికి ఒకసారి, వానలు వెళ్లాక. ఒక పికప్‌కు పట్టే ఆయిల్ ఖరీదు కొన్ని వందలు. ముందు ప్యాడ్లు చూసిన ప్రతిసారీ వెనక డ్రమ్ము కూడా విప్పాలి. లోడ్ వాల్వు కడ్డీ వంగిందా, దాని రబ్బరు బుష్షు ఉందా అన్నది ప్రతి సర్వీసులో ఒక నిమిషం పని.

మిగతావి క్లుప్తంగా. కూలెంట్ కంపెనీ చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తోనే. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటరు లోపల తెల్లగా పేరుకుంటుంది. రేడియేటరు బయటి రెక్కల్లో ఇరుక్కునే పురుగులు, మామిడాకు ముక్కలను లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. ఎక్కువ ఒత్తిడితో కొడితే రెక్కలు వంగి గాలి దారి మూసుకుంటుంది. డీజిల్ ఫిల్టరు కింది మర వదులు చేసి నీళ్లు తీయడం డ్రైవరే నేర్చుకున్నాడు. గాజు గ్లాసులో పట్టి కాసేపు ఉంచితే నీళ్లు అడుగుకు చేరి కంటికి కనిపిస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు మూలల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఒక మూల రాకపోతే ఆ మూల ఎండిపోయినట్టే. టైర్లకు గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఘాట్ దిగి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేస్తే, చల్లబడ్డాక తక్కువై లోడుకు పక్కగోడ చిట్లుతుంది.

తర్వాత

పని అయ్యాక అదే లోడుతో అదే దారిలో మళ్లీ దిగాం. ఈసారి ముందు డిస్కులు 220 దగ్గర, వెనక డ్రమ్ములు 150 దగ్గర చూపించాయి. ఈ మార్పులో గేరులో దిగడం వాటా ఎంత, వాల్వు వాటా ఎంత అని విడదీయలేం, రెండూ ఒకేసారి మారాయి. అయితే వెనక డ్రమ్ములు వేడెక్కడం మాత్రం వాల్వు, అడ్జస్టర్ల పుణ్యమే. బంగారుపాళ్యంలో ఆపి, టీ తాగేంతసేపు ఆగి, పెడల్ తొక్కి చూశాం. పైనే పట్టింది.

ఓనరు లోడు తగ్గించాడా అంటే, కొంత తగ్గించాడు. పూర్తిగా కాదు. కొత్త కమాన్ ఎంత వంగితే సరైన లోడు దాటినట్టో ఛాసిస్ మీద తెల్ల పెయింటుతో గీత గీసి ఇచ్చాం. ఆ గీత దాటి ఎక్కిస్తే తను తోలనని డ్రైవరు మండీలో గట్టిగా చెబుతున్నాడని విన్నాను. ముందు ప్యాడ్లు ఈ సీజన్ మొత్తం నిలిచాయి.

తర్వాతి సర్వీసులో వెనక డ్రమ్ములు విప్పితే షూలు అరిగి ఉన్నాయి, రెండు వైపులా సమానంగా. డ్రమ్ము అంచున సన్నని గట్టు కూడా మొదలైంది. ఎడమ వైపు ఇరుసు ఆయిల్ సీలు దగ్గర మాత్రం తడి కనిపించింది. లైనింగ్ దాకా ఇంకా రాలేదు. సీలు అప్పుడే మార్చేశాం, సీలు కూర్చునే చోట షాఫ్టు మీద గాడి పడిందేమో గోరుతో తడిమి చూసి బిగించాం. ఆయిల్ సీలు దాకా ఎందుకు తోసుకొచ్చిందని చూస్తే, లోపలి ఒత్తిడి బయటికి పోవాల్సిన డిఫరెన్షియల్ గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయి ఉంది. అది శుభ్రం చేసి, వచ్చే సర్వీసులో చూడాల్సినవాటి కింద డ్రైవరు నోటుబుక్కులో రాయించాం.